అవార్డు వచ్చిందంటే బహుమతి వచ్చినట్టు కాదు



పోస్టు పెద్దదే. అయినా చివరిదాకా చదవండి. తీరిక లేకపోతే సేవ్ చేసుకుని రాత్రి చదువుకోండి. ఇది పరీక్షల గురించీ, మన ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో మడిచి పెట్టుకున్న కాగితాల గురించీ.

గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లం కాబట్టి ఇంగ్లీష్ పుస్తకంలో ఆ చాప్టర్ మనందరికీ తెలుసు. "తికమకపెట్టే పదాలు" అని ఉంటుంది. యాక్సెప్ట్, ఎక్సెప్ట్. అఫెక్ట్, ఎఫెక్ట్. ప్రిన్సిపల్ అని రెండు స్పెల్లింగులు, ఒకటి కాలేజీ పెద్దాయన, ఇంకోటి నియమం. స్టేషనరీలో కదలనిది ఒకటి, కాగితాలు కలాలు ఇంకొకటి. హాస్టల్లో ఒకళ్లు అడుగుతుంటే ఇంకొకళ్లు చెప్పుకుంటూ బట్టీ పట్టాం. మార్కులు కూడా తెచ్చుకున్నాం.

అలా చదువుతున్న రోజుల్లోనే సెలవులకి కాలనీకి వెళ్తే మా తాత వరస పెద్దాయన ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. ముంపు ఊరి నుంచి లేపి కాలనీలో పడేసిన వాళ్లలో ఆయనా ఒకడు. మొహం నిండా నవ్వు. "ఒరే అబ్బాయిలూ, నాకు అవార్డు వచ్చిందంటరా. ఆఫీసులో చెప్పారు. ఏం ఇస్తార్రా, శాలువా కప్పుతారా?" అన్నాడు.

మేం నవ్వాం. అది మా తప్పు. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ కాగితం తీసి చదివితే మాకూ పూర్తిగా అర్థం కాలేదు. భూసేకరణలో అవార్డు అంటే బహుమతి కాదు, "నీ భూమికి ఇంత ఇస్తాం" అని అధికారి తేల్చి రాసిన నిర్ణయం అని మాకు తెలిసింది ఆ తర్వాతే. తాత అప్పటికే డబ్బు తీసుకుని సంతకం పెట్టేశాడు. ఆయన చింతచెట్లలో, జీలుగు చెట్లలో సగం లెక్కలోకే రాలేదు. "చెట్లు తక్కువ రాశారు, మళ్లీ అడగొచ్చా?" అంటే "అప్పుడే అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసుండాల్సింది" అన్నారు. ఆ ముక్క సంతకం రోజు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగే చదువు ఉందనుకున్న మేం హాస్టల్లో స్టేషనరీకి స్పెల్లింగు నేర్చుకుంటున్నాం.

అందుకే ఈ పోస్టు. మా మాట ఇది: పరీక్ష పుస్తకం మనకి నేర్పే జంట పదాలు వేరు, మన బతుకుని తిప్పేసే జంట పదాలు వేరు. మొదటివి తప్పయితే ఒక మార్కు పోతుంది. రెండోవి తప్పయితే ఎకరాలు పోతాయి. రెండోవి మనం నేర్చుకోవాలి, మన ఊరికి మనమే నేర్పాలి.

ముందు ఒక మాట. ఇంగ్లీష్ తికమక మన తెలివితక్కువతనం కాదు. మనం పుట్టిన దగ్గర్నుంచీ రెండు మూడు భాషల మధ్య తిరిగేవాళ్లం. మా కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. కోయలో లోను అంటే ఇల్లు. బ్యాంకులో లోన్ అంటే అప్పు. ఒకే శబ్దం, మనిషిని బట్టి అర్థం మారుతుంది. చిన్నపిల్లలప్పుడే ఇవి విడదీసుకుని మాట్లాడగలిగిన మనకి కన్సల్ట్ వేరు, కన్సెంట్ వేరు అని తెలుసుకోవడం కష్టమేం కాదు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

కన్సల్ట్, కన్సెంట్

పలకడానికి దగ్గరగానే ఉంటాయి. అర్థంలో గోదావరికి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ అంత దూరం. కన్సల్ట్ అంటే అడగడం, సంప్రదించడం. కన్సెంట్ అంటే ఒప్పుకోవడం. అడిగి, మనం వద్దన్నా ముందుకు పోతే కన్సల్ట్ చేసినట్టే లెక్క. కన్సెంట్ కావాలంటే మనం ఊఁ అనాలి.

1996 నాటి పెసా చట్టంలో షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభని గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ "కన్సల్ట్" చేయాలని ఉంది. 2013 భూసేకరణ చట్టం, అంటే 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో సెక్షన్ 41 "ప్రయర్ కన్సెంట్" అంటుంది. ప్రయర్ అంటే ముందుగా. నోటిఫికేషన్ ఇవ్వకముందే సమ్మతి ఉండాలి. అర్జెంటుగా తీసుకునే సందర్భంలో కూడా. 17 ఏళ్లలో ఒక మాట మారింది, ఆ ఒక్క మాటతో మన చేతికి "వద్దు" అనే హక్కు వచ్చింది.

కానీ ఊళ్లో ఏం జరుగుతుంది? మీటింగ్ అంటారు. టెంట్ వేస్తారు. రిజిస్టర్ తిప్పుతారు. "వచ్చినట్టు సంతకం పెట్టండి" అంటారు. ఆ సంతకం హాజరుకా, సమ్మతికా? పైన ఏం రాసి ఉందో చూడకుండా పెడితే హాజరు సంతకం సమ్మతి సంతకం అయిపోయే ప్రమాదం ఉంది. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకూడదని మన అవ్వలకీ తెలుసు. రాసి ఉన్న పేజీ మీద చదవకుండా పెట్టడం కూడా అలాంటిదే.

డీమ్డ్

దీనికి జంట లేదు గానీ వదలకూడని మాట. డీమ్డ్ అంటే "జరిగినట్టే అనుకోవాలి" అని అర్థం. నిజంగా జరిగిందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. దీనికి మన పోలవరం కన్నా పెద్ద ఉదాహరణ ఎక్కడా దొరకదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం సెక్షన్ 90లో పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించారు. అదే సెక్షన్‌లో, ఈ ప్రాజెక్టుకి తెలంగాణ రాష్ట్రం సమ్మతి ఇచ్చినట్టే భావించాలని రాశారు. కన్సెంట్ ముందు డీమ్డ్ చేరితే చాలు, అడగాల్సిన పని తప్పిపోయింది. అయితే అది ఒక రాష్ట్రం సమ్మతి గురించి రాసిన మాట. మన గ్రామసభ సమ్మతి గురించి కాదు. ఎవరైనా "సమ్మతి ఎప్పుడో అయిపోయింది కదా" అంటే "ఎవరి సమ్మతి సార్?" అని మర్యాదగా అడగండి.

గ్రామసభ, గ్రామపంచాయతీ

ఇది తెలుగులోనే తికమక. గ్రామసభ అంటే ఓటర్ల లిస్టులో ఉన్న మనందరం. గ్రామపంచాయతీ అంటే మనం ఎన్నుకున్న సర్పంచ్, వార్డు మెంబర్లు. పెసా ప్రకారం గూడెం గూడెంగా, తమ ఆచారం ప్రకారం కలిసి బతికే ఊరు కూడా ఒక గ్రామంగా లెక్కకి రావచ్చు. అంటే కొండ మీద ఉన్న పాతిక ఇళ్ల కొండరెడ్ల గూడెం మాట కింద ఉన్న పెద్ద ఊరి మాటలో కలిసిపోవాల్సిన పని లేదు.

చట్టంలో ఈ రెండు పేర్ల మధ్య "ఆర్" అని ఉంది. ఆర్ అంటే ఇదో అదో. ఆ చిన్న మాట పట్టుకుని పంచాయతీ తీర్మానంతో పని కానిచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి కాగితం మీద "తీర్మానం" అని కనిపిస్తే అది సభదా, పంచాయతీదా అన్నది మొదటి ప్రశ్న.

ఎఫెక్టెడ్, డిస్‌ప్లేస్డ్

పరీక్షలో అఫెక్ట్‌కీ ఎఫెక్ట్‌కీ తేడా రాసి మార్కు తెచ్చుకున్నవాళ్లం. చట్టంలో అఫెక్టెడ్ ఫ్యామిలీ వేరు, డిస్‌ప్లేస్డ్ ఫ్యామిలీ వేరు అని మనలో ఎంతమందికి తెలుసు?

అఫెక్టెడ్ అంటే దెబ్బ తగిలిన కుటుంబం. భూమి పోయినవాళ్లే కాదు, భూమి లేకపోయినా అక్కడ మూడేళ్ల ముందు నుంచి కూలికో కౌలుకో పని చేసి దాని మీదే బతికినవాళ్లు, అటవీ హక్కు పోయినవాళ్లు కూడా ఇందులోకి వస్తారు. డిస్‌ప్లేస్డ్ అంటే ఆ చోటు వదిలి వేరే చోటికి వెళ్లి తీరాల్సిన కుటుంబం. తెలుగులో మనం అందరినీ "నిర్వాసితులు" అనేస్తాం. పేపర్లలోనూ అదే మాట. కానీ ఇల్లు మునగకుండా పొలం మాత్రమే పోయినవాడు నిర్వాసితుడు కాకపోవచ్చు, బాధితుడు మాత్రం అవుతాడు. "నీ ఇల్లు మునగలేదు కదా, నీకేం రాదు" అని ఎవరైనా అంటే ఆ మనిషి ఈ రెండు మాటల్నీ కలిపేశాడని అర్థం. తెలిసి కలిపాడా, తెలియక కలిపాడా అనేది వేరే సంగతి.

మైనర్, మేజర్

2013 చట్టంలో కుటుంబం అంటే భార్యాభర్తలు, మైనర్ పిల్లలు, ఆధారపడి ఉన్న మైనర్ తమ్ముళ్లు చెల్లెళ్లు. 18 నిండిన మనిషి, ఆడయినా మగయినా, పెళ్లయినా కాకపోయినా విడి కుటుంబం. వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, కుటుంబం వదిలేసిన ఆడవాళ్లు కూడా విడి కుటుంబాలే. అక్కచెల్లెళ్లూ, ఈ ముక్క మీరు ఇంట్లో గట్టిగా చదవండి. "ఆడపిల్ల కదా, పెళ్లయి వెళ్లిపోతుంది" అనే మాట చట్టంలో ఎక్కడా లేదు. ఏ తేదీ నాటికి 18 నిండాలి అన్నదే అసలు పేచీ. సర్వే నాటికి 15 ఏళ్ల పిల్లలు, ఊరు ఖాళీ చేసేనాటికి పిల్లల తల్లిదండ్రులయ్యారు. కాగితం మీద కటాఫ్ డేట్ అని ఉంటే దాని కింద గీత గీసుకోండి.

ఇదే మైనర్ ఇంకోచోట వస్తుంది. మైనర్ ఫారెస్ట్ ప్రొడ్యూస్. చిన్న అటవీ ఉత్పత్తులు అని అనువాదం. చిన్నవి అంటే విలువ తక్కువవి అనుకుంటాం. కాదు. కలప కాకుండా మొక్కల నుంచి వచ్చేవన్నీ అందులో ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురునీ, తునికాకునీ, తేనెనీ, లక్కనీ పేరు పెట్టి మరీ చెప్పింది. మన ఇంటి సగం రాబడి ఆ "మైనర్"లోనే ఉంది.

నోటిఫికేషన్, డిక్లరేషన్, నోటీస్, అవార్డు

ఊళ్లో అన్నింటినీ "నోటీసు" అంటారు. కానీ నాలుగూ నాలుగు మెట్లు. మొదటిది సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్, "ఈ భూమి మాకు కావాలి" అని. దాని మీద అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు. తర్వాత సెక్షన్ 19 డిక్లరేషన్, "తీసుకుంటున్నాం" అని. తర్వాత సెక్షన్ 21 నోటీస్, "ఎవరికి ఏం హక్కు ఉందో వచ్చి చెప్పండి" అని. చివరికి అవార్డు. అందులోనూ భూమి డబ్బుకి ఒకటి, పునరావాసానికి ఇంకొకటి. మొదటి మెట్టు మీద ఉండగా మాట్లాడితే భూమి గురించి మాట్లాడొచ్చు. చివరి మెట్టు దగ్గర మాట్లాడితే డబ్బు గురించే మాట్లాడగలం. మనవాళ్లు ఆఫీసుకి పరుగెత్తేది దాదాపు ఎప్పుడూ చివరి మెట్టు దగ్గరే.

సెక్షన్ 21 కాగితంలో "పర్సన్ ఇంటరెస్టెడ్" అని ఉంటుంది. ఇంటరెస్ట్ అంటే ఆసక్తి అనుకుని "నాకు ఇంటరెస్ట్ లేదు" అని ఆ కాగితం పక్కన పెట్టిన వాళ్లని మేం చూశాం. అక్కడ ఇంటరెస్ట్ అంటే హక్కు, వాటా. ఆ మాట కింద కౌలుదారూ వస్తాడు, అటవీ హక్కు పోయిన ఆదివాసీ వస్తాడు.

అండర్ ప్రొటెస్ట్

తాతని దెబ్బతీసింది ఇదే. ప్రొటెస్ట్ అంటే మనకి ధర్నా, జెండాలు, రోడ్డు మీద బైఠాయింపు. చట్టంలో ప్రొటెస్ట్ రెండు మాటల కాగితం పని. డబ్బు తీసుకునేటప్పుడు "ఈ మొత్తం చాలదన్న అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టాలి. అలా రాసి తీసుకుంటే డబ్బూ చేతికి వస్తుంది, మళ్లీ అడిగే దారీ మిగులుతుంది. రాయకుండా తీసుకుంటే ఎక్కువ కావాలని సెక్షన్ 64 కింద అడిగే హక్కు పోతుంది. 2013 చట్టంలో ఇది సెక్షన్ 77లో ఉంది. పాత 1894 చట్టంలో కూడా ఇలాంటి నియమమే ఉండేది. పోలవరం పనులు కొత్త చట్టం రాకముందే మొదలయ్యాయి కాబట్టి మీ ఊరి భూమి ఏ చట్టం కింద పోయిందో ముందు అది చూసుకోండి.

గడువు కూడా చూసుకోవాలి. అవార్డు ఇచ్చేటప్పుడు మనం అక్కడ ఉంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే అది. తగిన కారణం చూపిస్తే కలెక్టర్ ఇంకో ఏడాది లోపు కూడా అర్జీ తీసుకోవచ్చు. ఇక్కడే ఇంకో జంట ఉంది. "షల్" అంటే చేసి తీరాలి. "మే" అంటే చేయొచ్చు, మానేయొచ్చు. ఆ ఏడాది సంగతి "మే" అనే రాశారు.

విచెవర్ ఈజ్ లోయర్

"ఎస్టీలకి రెండున్నర ఎకరాలు ఇస్తారంట" అని మన ఊళ్లలో తిరిగే మాట. 2013 చట్టం రెండో షెడ్యూల్లో ఆ అంకె ఉన్నమాట నిజమే. కానీ దాని పక్కన మూడు మాటలున్నాయి. పోయిన భూమికి సమానమైన భూమి, లేదా రెండున్నర ఎకరాలు, "విచెవర్ ఈజ్ లోయర్". లోయర్ అంటే ఏది తక్కువైతే అది. ఐదెకరాలు పోయినవాడికి రెండున్నర. రెండెకరాలు పోయినవాడికి రెండు. అది "హయ్యర్" అయి ఉంటే ఐదెకరాలు పోయినవాడికి ఐదు వచ్చేవి. చట్టం చేసినవాళ్లు అక్కడ ఒక్క మాట వేరేలా రాసి ఉంటే ఎన్ని కొండరెడ్ల, కోయల ఇళ్లు వేరేలా ఉండేవో ఆలోచించండి.

ఆ వాక్యంలోనే "ఇన్ లియు ఆఫ్" అని ఇంకో ముక్క ఉంటుంది. బదులుగా అని అర్థం. "ఇన్ అడిషన్ టు" అంటే దాంతో పాటు. భూమి ఇస్తే ఆ భూమికి కట్టే డబ్బు రాదు, డబ్బుకి బదులుగా భూమి. రెండూ వస్తాయని చెప్పి ఒప్పించినవాడు అబద్ధమైనా చెప్పి ఉండాలి, లేదా ఈ రెండు మాటలు తెలియనివాడైనా అయి ఉండాలి.

అడుగు, మీటరు, కాంటూరు

ఇవి మాటలా అంకెలా అంటే రెండూ. పోలవరం పూర్తి నీటి మట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. మొదటి దశ అంటున్నది 41.15 మీటర్లు, అంటే 135 అడుగులు. ఈ లెక్క సముద్ర మట్టం నుంచి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని వింటాం కదా, అది అక్కడి వంతెన దగ్గర కొలబద్ద లెక్క. "భద్రాచలంలో 53 అడుగులకే ఇంత వస్తే 150 అడుగులకి ఏమవుతుందో" అని మనవాళ్లు భయపడతారు. "135 అడుగుల లోపల లేరు కదా, మీరు సేఫ్" అని ఇంకొకళ్లు ధైర్యం చెబుతారు. రెండు లెక్కల్నీ కలిపితే రెండూ తప్పే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అప్పుడు మొదటి దశ కాంటూరు లిస్టులో లేని ఊళ్లలోకి కూడా నీళ్లు వచ్చాయి. కాంటూరు అంటే కాగితం మీద గీసిన సమాన ఎత్తు గీత. వరద నీరు ఆ గీత చూసుకుని ఆగదు. "సబ్‌మర్జెన్స్" వేరు, "ఫ్లడ్" వేరు అని కాగితం చెబుతుంది. ఇంట్లోకి నీళ్లు వచ్చినవాడికి రెండూ ఒకటే. కానీ పరిహారం లిస్టుకి ఒకటి కాదు. అర్జీ రాసేటప్పుడు ఏ మాట వాడుతున్నామో చూసుకోవాలి.

రికగ్నైజ్, గ్రాంట్

పోడు పట్టాల గురించి "ప్రభుత్వం ఇచ్చింది" అంటాం. 2006 చట్టం పేరులోనే "రికగ్నిషన్" ఉంది. గుర్తించడం. గ్రాంట్ అంటే ఇవ్వడం. లేనిది ఇస్తారు, ఉన్నది గుర్తిస్తారు. మన హక్కు ముందే ఉంది, ఇన్నాళ్లూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నారు అని ఆ చట్టం ఒప్పుకుంది. అందుకే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉండాలని తేదీ పెట్టారు. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఆ భూమి నుంచి ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4లో రాశారు. కాబట్టి "ఎన్‌క్రోచర్" అని, అంటే ఆక్రమణదారు అని మన పేరు పక్కన రాస్తే ఊరుకోకండి. "ఆక్యుపేషన్" అంటే స్వాధీనంలో ఉండటం. మొదటిది నేరం పేరు, రెండోది వాస్తవం పేరు. ఇంకో చిన్న సంగతి. ఆ చట్టంలో నాలుగు అని ఉన్నది హెక్టార్లు, ఎకరాలు కాదు. నాలుగు హెక్టార్లంటే దాదాపు పదెకరాలు. అదీ "అంతవరకు" మాత్రమే. అంతా ఇస్తామని కాదు, సాగులో ఉన్నదాన్ని ఆ హద్దు లోపల గుర్తిస్తామని.

ఒక్క మాట ఏం చేస్తుందో చూడాలంటే 1997 సమత తీర్పు చూడండి. మన ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదని 1/70 నిబంధన ఉంది కదా. అందులో ఉన్న "పర్సన్" అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందా రాదా అన్నది ఆ కేసులో పెద్ద ప్రశ్న. వస్తుందని సుప్రీంకోర్టు అంది. దాంతో షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి సర్కారు ఇచ్చే గనుల లీజులు చెల్లవని తేలింది. బొర్రా దగ్గర ఊళ్ల జనం పోరాటం ఎంత ముఖ్యమో, ఆ ఒక్క మాటకి అర్థం పట్టుకోవడమూ అంతే ముఖ్యమైంది.

ఇక్కడ మన సీనియర్లు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు "ఇంగ్లీష్ బాగా నేర్చుకుంటే ఈ గొడవే ఉండదు" అంటారు. కొందరు "మన ఊరికి వచ్చే కాగితం తెలుగులో, కోయలో రాయాలి గానీ మనమెందుకు ఇంగ్లీష్ నేర్చుకోవాలి" అంటారు. మాకు రెండోవాళ్ల మాటలో న్యాయం ఎక్కువ కనబడుతుంది. సమ్మతి అడిగే కాగితం అర్థం కాని భాషలో ఉంటే అది సమ్మతే కాదు. అర్థమయ్యే భాషలో చదివి వినిపించాకే సంతకం అని పట్టుబట్టడం మన హక్కు. కానీ తెలుగులోకి మార్చినంత మాత్రాన పని అయిపోదు. "సంప్రదింపు", "సమ్మతి" రెండూ తెలుగే, వాటినీ కలిపేస్తారు. "పరిహారం" అని ఒక్క మాటలో భూమి డబ్బూ, పునరావాస ప్యాకేజీ రెండూ చుట్టేస్తారు. పైగా కోర్టుకి వెళ్తే చూసేది మళ్లీ ఇంగ్లీష్ కాగితమే. అందుకని తెలుగు అడుగుదాం, ఇంగ్లీష్ కూడా పట్టుకుందాం.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. మాట తెలిసినంత మాత్రాన న్యాయం జరగదు. అన్నీ తెలిసి అడిగినా తిప్పేవాళ్లు తిప్పుతూనే ఉంటారు. దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, పైడిపాక, రామయ్యపేట లాంటి ఊళ్లు డ్యామ్ కట్టే చోటు దగ్గరున్నందుకు ముందే లేచిపోయాయి. వాళ్లకి మాటలు తెలిసి ఉంటే డ్యామ్ ఆగేదని మేం అనడం లేదు. కానీ అడగాల్సినవాడు సరైన మాటతో అడిగితే "నీకు తెలియదు, వెళ్లు" అని పంపడం కష్టమవుతుంది. మాకు తెలిసినంతలో ఆఫీసులో మన మనిషి గొంతు తగ్గేది భయంతో కాదు, మాట దొరక్క.

కాబట్టి మన గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కళ్లనీ కొన్ని పనులు అడుగుతున్నాం.

సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒకసారి బయటికి తీయండి. ఫోటో తీసి పెట్టుకోండి, జిరాక్స్ ఒకటి వేరే చోట ఉంచండి. అర్థం కాని మాట కింద గీత గీయండి.

కాలనీకి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఒకవైపు కాగితంలో ఉన్న మాట, రెండోవైపు మన మాటలో అర్థం, కోయ వచ్చినవాళ్లు కోయలో. నిఘంటువు అర్థం రాయొద్దు. "ఇది రాస్తే మనకి ఏం జరుగుతుంది" అన్నది రాయండి.

సంతకానికి ముందు పెద్దవాళ్లు అడగాల్సిన ఐదు ప్రశ్నలు నేర్పండి. ఇది దేనికి కాగితం? ఏ సెక్షన్ కింద? గడువు ఎప్పటిదాకా? నా సంతకం హాజరుకా, సమ్మతికా, డబ్బు ముట్టినందుకా? ఈ కాగితం కాపీ నాకు ఇస్తారా? ఐదింటికీ జవాబు రాకపోతే "మా పిల్లలు చదివాక రేపొచ్చి పెడతాను" అని లేచి రావచ్చు. అలా అనడం నేరం కాదు.

డబ్బు తీసుకోవాల్సి వస్తే, మొత్తం మీద అభ్యంతరం ఉంటే, ఆ ముక్క రాసే తీసుకోమనండి. వేలిముద్ర వేసేవాళ్లకి పక్కన కూర్చుని మనం రాసిపెడదాం.

లా చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మేం పైన రాసినదాంట్లో ఎక్కడైనా లోపముంటే కింద సరిదిద్దండి. చట్టాలు మారుతుంటాయి. ఒక్కో ఊరి కేసు ఒక్కోలా ఉంటుంది. ఈ పోస్టు చూపించి ఎవరూ అర్జీ వేయొద్దు, ఈ పోస్టు చదివి అసలు కాగితం తీసి చూడండి, వకీలుని అడగండి. ఉచిత న్యాయ సహాయం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, ఎస్టీలకి దానికి ఆదాయ పరిమితి అడ్డు కాదు.

ఆఖరుగా ఒక్క విన్నపం. మన పెద్దవాళ్లు మాట తప్పు పలికితే, తప్పుగా అర్థం చేసుకుంటే నవ్వొద్దు. మేం నవ్వాం, చెప్పాం కదా. ఆ రోజు తాత కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ "మీరు చదువుకున్నోళ్లు కదరా, ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ మాటకి మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆయనకి లెక్కలోకి రాని చెట్ల డబ్బు రాలేదు. వచ్చేలా లేదు కూడా.

ఈ మధ్య అదే కాలనీలో ఇంకో పిన్ని వరసావిడకి కాగితం వస్తే తాతే ఆవిణ్ణి ఆపాడంట. "ఆగమ్మా, అవార్డంటే ప్రైజు కాదు, పిల్లల్ని రానీ, చదివాక పెడుదువుగాని" అన్నాడంట. మేం బట్టీపట్టిన జంట పదాలన్నింటికన్నా ఆయన నేర్చుకున్న ఆ ఒక్కటి ఎక్కువ పనికొచ్చింది.

మీ ఊళ్లో ఏ మాట ఇలా ముంచిందో కింద రాయండి. అన్నీ కలిపి నోటు పుస్తకంలో పెట్టుకుందాం.

జై ఆదివాసీ.